మొక్కుకోడికి పర్మిట్టు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దుటినుంచీ ఒకటే గోల. మూడో వీధిలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒకాయన, పెరట్లో నాలుగు నాటుకోళ్ళు పెంచుకుందామనుకుంటున్నానని ఒక్క ముక్క రాశాడో లేదో, వాసనొస్తుందని ఒకరు, దోమలు పెరుగుతాయని ఇంకొకరు, కమిటీ తీర్మానం లేనిదే కాలనీలోకి కోడి ఈక కూడా రావడానికి వీల్లేదని సెక్రటరీ గారు, భోజనాల వేళకి అదో పెద్ద యుద్ధమైపోయింది. నేను కళ్ళజోడు సర్దుకుని అన్నీ తీరిగ్గా చదివి, "వాటిలో పుంజు ఉందా, అన్నీ పెట్టలేనా?" అని మాత్రం అడిగాను. పెద్దావిడకి చాదస్తం అనుకుని ఉంటారు. ఆ ప్రశ్న విలువ వాళ్ళకేం తెలుసు? నలభై అయిదేళ్ళ కిందట దుబాయ్‌లో ఒక పుంజు నన్ను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

దుబాయ్ అనగానే ఇప్పటి పిల్లలకి మబ్బుల్లోకి పోయే మేడలు గుర్తొస్తాయి గానీ, డెబ్భైల చివర్లో మేం వెళ్ళిన సత్వా పేటలో మేడలెక్కడివి? ఒంటి అంతస్తు ఇళ్ళు, మట్టి సందులు, గోడల మీద పిల్లులు, ఒక్కో ఇంటికీ చుట్టూ గోడ కట్టిన వాకిలి, ఆ వాకిట్లో ఒక చెట్టు. మా ఆయన గ్యారేజీలో మెకానిక్కు. మాదొక గది, ఎదురుగా ఉన్న గదిలో కరీంనగర్ వైపు కుర్రాళ్ళు ఇద్దరు, నాకు తమ్ముళ్ళ వరస, మధ్యలో అందరిదీ అయిన ఆ వాకిలి. ఇంటి ఓనరు ఒక అరబ్బు ముసలమ్మ, పక్క వాటాలోనే ఉండేది. మొహానికి బంగారు రంగు ముసుగు, చేతుల నిండా గోరింటాకు, నడిచొస్తుంటే అత్తరు వాసన. వాళ్ళ పిల్లలు పిలిచినట్టే మేమూ ఆవిణ్ణి యుమ్మా అనే పిలిచేవాళ్ళం, అంటే అమ్మా అని. ఆవిడ భర్త ఒకప్పుడు పడవ మీద బొంబాయికి ఖర్జూరాలు తీసుకెళ్ళి అమ్మేవాడట, అందుకని ఆవిడకి నాలుగు ముక్కల హిందీ వచ్చు. నాకూ ఆ నాలుగు ముక్కలే వచ్చు. మా ఇద్దరికీ అంతకంటే ఎక్కువ అవసరం ఎప్పుడూ పడలేదు.

గోదావరి ఒడ్డున పుట్టిన దాన్ని, వాకిట్లో కోడి తిరగకపోతే నాకది ఇల్లులా ఉండదు. అక్కడి చల్లపెట్టెల్లో ఎక్కడి దేశాల నుంచో వచ్చిన కోళ్ళు రాళ్ళలా గడ్డకట్టి ఉండేవి, అవి వండితే పులుసుకి రుచీ లేదు, పచీ లేదు. అందుకని సంతలో ఒక ముసలాయన దగ్గర రెండు పెట్టల్ని కొనిపించుకున్నాను. గ్యారేజీ నుంచి తెచ్చిన అట్టపెట్టే వాటికి గూడు, బియ్యం చెరిగితే వచ్చిన నూకలే మేత. ఆ ముసలాయన దగ్గరే తెచ్చిన గుడ్లని అందులో ఒక పెట్ట పొదిగి పిల్లల్ని లేపిన రోజున మా పెద్దమ్మాయి, అప్పటికి నాలుగేళ్ళది, అన్నం కూడా తినకుండా గూటి ముందు గొంతుక్కూర్చుంది. ఎర్రటి కోడిపిల్ల ఒకటి దానికి మాలిమి అయ్యి, గౌను ఒళ్ళో పడుకునేది.

ఆ ఎండాకాలమే అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు మంచివాడే, మందులూ మంచివే, జ్వరం మాత్రం దిగొచ్చినట్టే వచ్చి మళ్ళీ ఎగబాకేది. పిల్ల పుల్లలా అయిపోయింది. పక్కన అమ్మ లేదు, అత్త లేదు, దిష్టి తీసే దిక్కు లేదు. మంచం పక్కన బిస్కెట్ల డబ్బా మూతలో ఆ కోడిపిల్లని పెడితే తప్ప గుక్కెడు జావ తాగేది కాదు. ఒకనాటి సాయంత్రం బిడ్డ కళ్ళు కూడా తెరవలేదు. పసుపు ముద్దలో దారం తడిపి, చేతికందిన ఆ కోడిపిల్ల కాలికే కట్టి, తల్లీ, నా బిడ్డని నాకు దక్కించు, ఈ కోడిని నీకే ఇచ్చుకుంటాను, అని మా ఊరి అమ్మవారికి మొక్కేసుకున్నాను. ఆ తర్వాత మందు పనిచేసిందో, మొక్కు పనిచేసిందో నేను వాదించను. పిల్ల లేచి తిరిగింది.

మొక్కుకోడి సంగతి మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. దారం కట్టాక ఆ కోడి మనది కాదు. కోసుకోకూడదు, అమ్మకూడదు, ఒకరికి ఇవ్వకూడదు, అమ్మవారి దగ్గరకి చేర్చాల్సిందే. మా ఊళ్ళో అయితే జాతర నాటికి సంకలో పెట్టుకుని నడిచి వెళ్ళే దూరం. నేను మొక్కింది దుబాయ్ కోడిని, చెల్లించాల్సింది సముద్రం అవతల. ఆ కంగారులో ఈ ముక్క బుర్రకి తట్టనే లేదు. మా ఆయనకి చెబితే తల పట్టుకుని, "ఆ మొక్కేదో ఊళ్ళో కోడి మీద మొక్కుకోవచ్చు కదే! దీన్నిప్పుడు విమానంలో నా పక్కన సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళనా?" అన్నారు. ఎప్పుడో ఏదో దారి దొరుకుతుందిలే అని నేను నెట్టుకొచ్చాను. దారి దొరికే లోపల కోడిపిల్లకి తురాయి మొలిచింది, తోక వంపు తిరిగింది, ఒకనాడు వేకువనే గోడెక్కి గొంతెత్తింది.

సత్వా అంతా వినబడేలా కూసేవాడు మహానుభావుడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకునే ఎదురుగది తమ్ముడు ఎర్రటి కళ్ళతో తలుపు తీసుకుని బయటికొచ్చి, "అక్కా, నీ కోడికి జర సమ్జాయించు. ఇప్పుడే కన్ను మూసిన, సక్కగ నా చెవుల్నే కూసినట్టున్నది" అనేవాడు. అంటూనే జేబులోంచి నాలుగు శనగలు తీసి దాని ముందు చల్లేవాడు. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని మిడిసిపడ్డ ముసలమ్మ నువ్వే కదా అని మా ఆయన నన్ను దెప్పేవారు.

అలా ఉండగా బలదియా మనిషి వచ్చాడు. బలదియా అంటే అక్కడి మునిసిపాలిటీ. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, సందుల్లో శుభ్రత చూసుకుంటూ వస్తున్న కుర్ర ఇనస్పెక్టరు, తెల్లటి అంగీ, చేతిలో అట్ట. గోడ మీద ఉన్న మావాణ్ణి చూసి ఆగిపోయాడు. అప్పటి రూళ్ళు అసలేమిటో నాకు పూర్తిగా ఇప్పటికీ తెలియదు గానీ, ఆయన మాకు చెప్పింది ఇది. ఇళ్ళ మధ్య కోళ్ళని విడిగా తిప్పకూడదు. ఇంటి ఓనరు ఒప్పుకుని, పక్క గోడకి దూరంగా జాలీ వేసిన గూడు కట్టి, రోజూ శుభ్రం చేస్తామంటే గుడ్ల కోసం కొద్దిపాటి పెట్టల్ని ఉంచుకోడానికి పర్మిట్టు ఇస్తారు. పుంజు మాత్రం కుదరదు. "ముర్గీ ఠీక్ హై. ముర్గా మమ్నూ, ఖలాస్," అని వేలు అడ్డంగా ఊపాడు. మళ్ళీ వచ్చేసరికి అది కనబడకూడదు.

ఆయన అటు వెళ్ళగానే మా ఆయన సమస్య తేలిపోయిందన్నట్టుగా, అయితే ఆదివారం కూర వండెయ్ అన్నారు. హాస్యానికే అన్నారని తెలుసు. తెలిసినా నాకు ఏడుపు ఆగలేదు. ఆ కోడి మెడ మీద కత్తి పడితే నా బిడ్డకి మళ్ళీ జ్వరం వస్తుందన్న భయం, దాన్ని మూఢత్వమంటారో ఏమంటారో మీ ఇష్టం, నా కడుపులో రాయిలా కూర్చుంది. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఎవరు మాత్రం వండుకోకుండా ఉంటారు? ఉన్నచోట ఉండనివ్వరు, పోవాల్సిన చోటికి పోనివ్వరు.

నా ఏడుపు విని యుమ్మా వచ్చింది. నేనెలా చెప్పగలను? పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమని చూపించాను, రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తాను, పుంజు కాలికున్న పసుపు దారం చూపించాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, "నదర్! నదర్!" అంది, అర్థమైపోయినట్టు గుండె మీద అరచెయ్యి వేసుకుని. నదర్ అంటే మొక్కేనట, వాళ్ళల్లోనూ మొక్కులున్నాయట. ఆవిడ చిన్నకొడుకు సముద్రం మీద తప్పిపోయినప్పుడు మేకని మొక్కుకుందట. వాడు తిరిగొచ్చాక, మొక్కిన మేకని తప్ప ఇంకోదాన్ని ఇవ్వడానికి మనసొప్పలేదట. మా అమ్మ ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది నాకు.

రెండోసారి ఇనస్పెక్టరు వచ్చినప్పుడు యుమ్మా ఆయన్ని తన వాటాలోకి పిలిచి, ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పులో గావా, అదే వాళ్ళ కాఫీ, పోసి, ఏం చెప్పిందో ఏమో, ఆ మాటల్లో నాకు తెలిసింది నదర్ ఒక్కటే. ఆ కుర్రాడు ఆవిడ ముందు చేతులు కట్టుకుని విన్నాడు. రూలు రూలే, పుంజు వెళ్ళాల్సిందే, కానీ దానికి సరైన చోటు దొరికేదాకా గూటిలో మూసి ఉంచుకోండి, అని గడువిచ్చి వెళ్ళాడు. పెట్టల కోసం మా ఆయన ఆఫీసు చుట్టూ తిరిగారు. ఒకసారి ముదీర్, అంటే పెద్దాఫీసరు, లేడన్నారు, ఒకసారి బుక్రా, అంటే రేపు, రమ్మన్నారు, చివరికి ముద్ర వేసిన కాగితం చేతికిచ్చారు. ఆయన మురిసిపోయి దానికి అద్దం కట్టించి గూటి పైన తగిలించారు. మా పెళ్ళి ఫోటోకి అప్పటికి ఫ్రేము లేదు.

ఇక మిగిలింది మొక్కు. ఆ రోజుల్లో ఫోన్లు లేవు కదా, మాటలన్నీ టేపురికార్డరు క్యాసెట్లలో నింపి, ఊరెళ్ళే వాళ్ళతో పంపించుకునేవాళ్ళం. మా జిల్లా ఆవిడ సెలవు మీద వెళుతుంటే క్యాసెట్టు ఒకవైపంతా ఈ కోడి గొడవే చెప్పి పంపాను. తిరిగొచ్చిన క్యాసెట్టులో మా అమ్మ గొంతు, వెనకాల కాకుల అరుపులు. "ఒసే, పూజారిని అడిగేనే. అమ్మవారికి సముద్రం అడ్డమేంటమ్మా అన్నాడు. ఉన్న ఊరే నీ ఊరంట. ఆ ఊరి పొలిమేర దాటించి, పసుపూ కుంకుమా పెట్టి వదిలేసి రమ్మన్నాడు. వదిలేక ఎనక్కి తిరిగి చూడకూడదంట, గుర్తెట్టుకో." అది విని నేను, మా ఆయన, తమ్ముళ్ళు వాకిట్లో కూర్చుని దుబాయ్‌కి పొలిమేర ఎక్కడా అని తర్జనభర్జన పడ్డాం. చివరి ఇల్లు దాటితే ఇసుకే. నీళ్ళు లేని చోట వదిలితే అది చంపడం కాక మరేమిటి? దీనికీ యుమ్మాయే దారి చూపింది. షార్జా దాటి, ఇసుక దిబ్బలు దాటి చాలా దూరం పోయాక ఆవిడ పెద్దకొడుకుకి ఖర్జూరపు తోట ఉంది. ఊరు లేదు, రూలు లేదు, బావి ఉంది.

శుక్రవారం సెలవునాడు గ్యారేజీ పికప్పులో బయల్దేరాం. ముందు సీట్లో యుమ్మా, ఆవిడ పక్కన మా అమ్మాయి, వెనక తొట్టిలో నేనూ, అట్టపెట్టెలో అమ్మవారి సొత్తూ. తోటలో బావి దగ్గర దాని తలకి పసుపు రాసి బొట్టు పెట్టాను. అంతకాలం నా చేతి నూకలు తిన్న ప్రాణి, చేతిలో ఉన్నంతసేపూ దాని గుండె టకటకా కొట్టుకుంటూనే ఉంది. కింద వదిలి, దణ్ణం పెట్టి, వెనుదిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో, వెనక రెక్కలు కొట్టుకున్న చప్పుడు. ఏమైందో, పడిందో, కుక్కేమైనా వచ్చిందో, తిరిగి చూడాలని మెడ లాగేస్తోంది, చూడకూడదు. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే అక్కడే నిలబడిపోయాను.

యుమ్మా నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు చూడవని అడిగింది, మన ఆచారమని ఎలాగో చెప్పాను. అప్పుడావిడ నా బదులు తనే వెనక్కి తిరిగి, చాలాసేపు చూసింది. తర్వాత నా చెవి దగ్గర, "చెట్టు కింద నీడలో. నీళ్ళు తాగుతున్నాడు. ఖుష్ హై, ఖుష్ హై" అని చెప్పింది. నా కడుపులో రాయి అక్కడ దిగింది.

మేం షార్జాలో రోలాకి మారేదాకా, మారిన తర్వాత కూడా, కలిసినప్పుడల్లా ముందు ఆ కబురే చెప్పేది. బాగున్నాడు, చెట్టెక్కి కూస్తున్నాడు. అన్నేళ్ళు ఏ పుంజూ బతకదే అని మా ఆయన నవ్వేవారు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆవిడకీ తెలుసనే అనుకుంటాను. నేనెప్పుడూ గుచ్చి అడగలేదు, ఆవిడ ఎప్పుడూ కబురు ఆపలేదు.

పోయినేడు మా అబ్బాయి దగ్గరికి, దుబాయ్ షార్జాల సరిహద్దులో ఉన్న అల్ నహ్దాకి, వెళ్ళి కొన్నాళ్ళున్నాను. పర్మిట్టు కావాలంటే ఇప్పుడు ఎవరి ముందూ నిలబడక్కర్లేదట, ఫోనులోనే అయిపోతుందట, మంచిదే. సత్వాలో మా సందు ఏదో పోల్చుకోలేకపోయాను. దుబాయ్ ఎక్కడ ఆగిందో, షార్జా ఎక్కడ మొదలైందో కారులోంచి చూస్తే తెలియలేదు, ఇసుక ఉండాల్సిన చోటంతా ఇళ్ళే. తోట వైపు తీసుకెళతానని అబ్బాయి అన్నాడు గానీ నేనే వద్దన్నాను. ఆ దేశంలో నేను కళ్ళారా చూసినవన్నీ మారిపోయాయి, మనుషులు వెళ్ళిపోయారు, యుమ్మా కూడా వెళ్ళిపోయింది. నేను తిరిగి చూడని ఆ ఒక్క చోటు మాత్రం ఆవిడ నా చెవిలో చెప్పినట్టే ఉంది, చెట్టు కింద నీడ, నీళ్ళు, ఎర్రటి పుంజు.