రెండో గ్లాసులో పద్నాలుగు మొలకలు

మా అమ్మాయి బడిలో, సైన్స్ క్లబ్బులో నేను చేసిన ఘనకార్యం గురించి మీరు ఇంకెవరి నోటో వినేలోపు నేనే చెప్పేస్తాను. వాళ్లయితే కొంచెం కలిపి చెబుతారు. కలపాల్సిన అవసరం లేదు, జరిగిందే సరిపోతుంది. మూడు గాజు గ్లాసులు, ముప్పై పెసర గింజలు, బోటనీలో డిగ్రీ ఉన్న ఒక తల్లి. వీటితో పది నిమిషాల్లో ఎంత పరువు పోగొట్టుకోవచ్చో తెనాలిలో నేను చేసి చూపించాను.

మా లాస్య నాలుగో తరగతి. వాళ్ల సునీత టీచర్ వారానికి రెండు రోజులు బడి వదిలాక గంటసేపు సైన్స్ క్లబ్బు నడుపుతారు. ఆ క్లబ్బుకి ఒక నీలం రేకు పెట్టె వచ్చింది. అందులో అయస్కాంతాలు, భూతద్దాలు, అన్నిటికన్నా ముఖ్యంగా అరచేతిలో ఇమిడే చిన్న మైక్రోస్కోపు. బాపట్లలో ఉండే ఒక రిటైరైన మాస్టారు వాటిని సమకూర్చి ఊరూరి బళ్లకీ తిప్పుతుంటారు. ఈ పెట్టె అంతకుముందు రేపల్లెలో ఒక బడిలో ఉండి, పాసింజరు రైల్లో మా ఊరు చేరింది. ప్రయోగం బాగా చేసినవాళ్లకి ఆ పెట్టె వారం రోజులు ఇంటికిస్తారు. లాస్యకి మైక్రోస్కోపులో చీమ కాలు చూడాలని ఉంది. పెట్టె వస్తుందో రాదో తెలియకముందే ఒక చీమని అగ్గిపెట్టెలో పెట్టి పంచదారతో పోషిస్తోంది. ఇక నాకు కంగారుగా ఉండదా మరి?

సోమవారం పొద్దున్న మూడు గ్లాసుల్లో దూది పరిచి, ఒక్కోదాంట్లో పది గింజలు లెక్కపెట్టి వేసింది. మొదటి గ్లాసులో దూది తడిపింది. రెండోదాంట్లో తడపలేదు. మూడోదాంట్లో గింజలు మునిగేదాకా నీళ్లు పోసింది. గురువారం గ్లాసులు బడికి తీసుకెళ్లాలి, ఆ మాస్టారు వచ్చి చూస్తారు, తల్లులు కూడా రావాలి.

అప్పుడు మా అత్తయ్య కొల్లూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. కృష్ణ ఒడ్డున లంక పొలంలో జీవితమంతా గడిపిన మనిషి. కిటికీలో గ్లాసులు చూసి ఆగిపోయారు.

"ఏంటే మనవరాలా, ఈ గింజలకి నీళ్లు పెట్టలేదేం?"

"పెట్టకూడదు నానమ్మా. ప్రయోగం."

"గింజని ఎండగట్టి చూడటం కూడా చదువేనా? పక్కదాన్నేమో ముంచేశావు."

"అది కూడా ప్రయోగమే."

"చేలో నీళ్లు నిలిస్తే గట్టు తెగ్గొట్టి బయటికి పంపుతాం. మీ టీచర్‌కి పొలం ఉందా?"

లాస్య నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంది. అందులో ఏం రాస్తోందో నేను చూడలేదు. చూసి ఉంటే ఈ కథే లేదు.

బుధవారానికి తల్లుల వాట్సాప్ గ్రూపు మొలకలతో నిండిపోయింది. ఒకావిడ తన కొడుకు మొలకలకి స్కేలు పక్కన పెట్టి మరీ ఫొటో తీసింది. మా మొదటి గ్లాసు బాగానే ఉంది. మూడో గ్లాసులో కూడా, ఎలాగో తెలీదు, చిన్న చిన్న తోకలు కనిపిస్తున్నాయి. రెండో గ్లాసులో గింజలు మాత్రం పెళ్లిలో అలిగిన పెదనాన్నల్లా బిగుసుకుని కూర్చున్నాయి.

"లాస్యా, దీంట్లో రాలేదేంటమ్మా?"

"రావమ్మా."

"ఎందుకు రావు? ఒక్క చుక్క పోస్తే..."

"పోయకూడదమ్మా."

పాపం, పిల్ల టీచర్ చెప్పింది సరిగా వినలేదు అనుకున్నాను. ఇప్పుడు మీరు నన్నొక మాట అడగాలి. గింజ మొలవడానికి ఏమేం కావాలో చిన్నప్పుడు నువ్వు పరీక్షలో రాయలేదా అని. రాశాను. పూర్తి మార్కులు కూడా వచ్చాయి. నీళ్లు లేకపోతే మొలవదని పిల్లలు కళ్లారా చూడటానికే ఆ గ్లాసు అలా ఉంచుతారని కూడా తెలుసు. కానీ ఆ తెలివంతా పరీక్ష పేపరుతో పాటే ఇచ్చేశాను. నా కళ్ల ముందు ఉన్నదల్లా పక్కింటి పిల్లాడు నీలం పెట్టె మోసుకుపోతుంటే అగ్గిపెట్టె పట్టుకుని నిలబడిన నా కూతురు.

గురువారం పొద్దున్న లాస్య షూ వేసుకుంటుంటే రెండో గ్లాసు వంటగదిలోకి తీసుకెళ్లాను. మా ఆయన లావు తగ్గడానికి రోజూ టిఫిన్ బదులు ఉల్లిపాయ తరిగి కలిపిన మొలకలు తింటారు. ఆ గిన్నెలోంచి కొన్ని తీసి, పాత గింజలు పారేసి, వీటిని దూది మీద అందంగా పేర్చాను. లెక్కపెట్టి వడ్డించే అలవాటు మా ఇంట్లో లేదు.

టేబుల్ దగ్గర నుంచి ఆయన గొంతు వినిపించింది. "నా మొలకలు తగ్గాయేంటి ఇవాళ?"

"తగ్గాలనే కదండీ తింటున్నారు."

సాయంత్రం తల్లులందరం మోకాళ్లు గడ్డానికి తగిలే బల్లల మీద కూర్చున్నాం. మాస్టారు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ మా లాస్య దాకా వచ్చారు.

"మొదటిది తడి దూది. మొలకలొచ్చాయి, బాగుంది. రెండోది పొడి దూది." ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "దీంట్లో ఇంకా బాగా వచ్చాయే."

సరిగ్గా అప్పుడు నా డిగ్రీ నాకు గుర్తొచ్చింది.

"నలభై ఏళ్లు పాఠం చెప్పాను తల్లీ, ఇలాంటిది చూడలేదు," అంటూ గ్లాసులోంచి తెల్లటి ముక్కొకటి రెండు వేళ్లతో పైకి తీశారు. "ఇదేం గింజ?"

లాస్య నా వంక చూసింది. తర్వాత నీలం పెట్టె వంక చూసింది. ఆ రెండో చూపుకి నేను లేచి నిలబడ్డాను.

"ఉల్లిపాయండి," అన్నాను.

"మీరేం చదివారమ్మా?"

"బీయస్సీ అండి."

"ఏ గ్రూపు?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ అప్పటికే ఒక అబద్ధం గ్లాసులో ఉంది. "బోటనీ అండి. బాపట్లలో."

ఆయన ఆ ముక్కని మళ్లీ గ్లాసులో పెట్టేశారు. ఇంకో ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

సునీత టీచర్ నెమ్మదిగా అన్నారు, "లాస్యా, జరగాల్సింది కాదు, జరిగింది రాయమన్నాను కదా. రాశావా?"

"రాశాను టీచర్."

"చదువు."

లాస్య పుస్తకం తెరిచి వార్తలు చదివినట్టు చదివింది.

"మంగళవారం సాయంత్రం. నానమ్మ మూడో గ్లాసులో నీళ్లు పూలకుండీలో వంచేసింది. గింజలకి ఊపిరాడదంది. బుధవారం. మూడో గ్లాసులో మొలకలు మొదలయ్యాయి. రెండో గ్లాసులో లేవు. అమ్మ ఆరు సార్లు వచ్చి చూసింది. గురువారం ఏడు నలభై. రెండో గ్లాసులో మొలకలు లేవు. ఏడు యాభై. అమ్మ రెండో గ్లాసు వంటగదిలోకి తీసుకెళ్లింది. ఎనిమిది. రెండో గ్లాసులో పద్నాలుగు మొలకలు ఉన్నాయి. నేను వేసినవి పది."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆపుకుంటున్న చప్పుడు మాత్రం బాగా వినిపించింది. స్కేలు పెట్టి ఫొటో తీసినావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరి ఏం తేలింది?" మాస్టారు అడిగారు.

లాస్య చివరి పేజీ తిప్పింది. "గింజ మొలకెత్తడానికి నీళ్లు, గాలి, వెచ్చదనం కావాలి. మా ఇంట్లో అయితే ఇవేవీ అక్కర్లేదు. అమ్మ, నానమ్మ ఉంటే చాలు."

ఆ తర్వాత గదిలో ఏమైందో నేను రాయను. బయట సైకిలు స్టాండు దగ్గరున్న వాచ్‌మన్ కూడా ఏంటా అని లోపలికి తొంగి చూశాడు.

మాస్టారు కళ్లు తుడుచుకుని నీలం పెట్టె తెచ్చి లాస్య చేతుల్లో పెట్టారు. "గ్లాసులు మూడిట్లో రెండు పాడయ్యాయి. పుస్తకం మాత్రం పాడవలేదు. నాకు కావాల్సింది అదే. తీసుకెళ్లు తల్లీ. కానీ ఇంట్లో పెద్దవాళ్లకి అందకుండా పెట్టుకో."

చీమ కాలు చూశాం. దానికి నిండా వెంట్రుకలున్నాయి. అత్తయ్య కూడా చూసి, "దీనికి ఇన్ని కాళ్లెందుకొచ్చాయనుకున్నావే? మనం తరమడం వల్లే," అన్నారు.

కాబట్టి ఇందుమూలంగా నేను ప్రమాణం చేస్తున్నాను. నా కూతురి గ్లాసుల్లో మొలవనిది మొలవకుండానే ఉండనిస్తాను. ఎండినదాన్ని తడపను, మునిగినదాన్ని తేల్చను, ఏ పరిస్థితిలోనూ ఉల్లిపాయ తరిగిన గిన్నె జోలికి పోను.

ఈ వారం ప్రయోగం కోడిగుడ్డు. గ్లాసు నీళ్లలో రోజుకో చెంచా ఉప్పు కలుపుతూ, ఎన్నో చెంచాకి గుడ్డు తేలుతుందో చూడాలి. లాస్య పడుకుంది. గుడ్డు ఇంకా అడుగునే ఉంది. ఒక్క చెంచా పడితే లేచేలా ఉంది. ఉప్పు డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. అందుకే ఒక చేత్తో కాగితం నొక్కిపట్టి, ఇంకో చేత్తో ఇదంతా రాస్తున్నాను. రెండు చేతులకీ పని ఉండాలి కదా.