తడవని తల

నాంపల్లిలో మా చర్చి సంఘం ఫోటోలన్నీ తీసే ఆయనను మేము అన్నా అని పిలిచేవాళ్ళం. ఆబిడ్స్‌లో ఒక పాత కెమెరా చూసి నాచేత కొనిపించింది ఆయనే. స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని తీయడం నేర్పిందీ ఆయనే. “చెయ్యి వణికితే వణకనీ తమ్మీ. గా ఘడియ జారనియ్యకు,” అనేవాడు. ఆ మాటను దాదాపు బైబిలు వాక్యంలా నమ్మాను.

మా నాన్న ప్రతి ఆదివారం అమ్మతో పాటు వచ్చి చర్చి గేటు దగ్గరే ఆగిపోయేవాడు. తొంభైల చివర్లో, అమ్మ ఏళ్ళ తరబడి చేసిన ప్రార్థన ఫలించి, బాప్తిస్మానికి ఒప్పుకున్నాడు. వేదిక మీది పలకలు తీస్తే కింద నీళ్ళ తొట్టి. బాప్తిస్మం ఇచ్చే సమయంలో ఫ్లాష్ వేయకూడదని పాస్టరుగారి నియమం. వెలుతురు చాలదు. ఊపిరి బిగబట్టి, నాన్న మునిగి లేస్తుండగా నొక్కాను. ఆ పాత కెమెరాలో నొక్కిన క్షణం లోపలి అద్దం లేచి కంటిముందు చీకటవుతుంది. తీసినవాడికే ఆ క్షణం కనబడదు. ఫోటో వచ్చాకే చూడాలి.

రీలు అన్నకిచ్చాను. ఆబిడ్స్‌లో కడిగేవాళ్ళు ఆయనకు బాగా తెలుసు.

ఆల్బమ్ వచ్చింది. నాన్న తొట్టిలో చేతులు జోడించి నిలబడ్డాడు. తల మీద పాస్టరుగారి చెయ్యి. వెనుక గోడ మీది వాక్యం అక్షరం పొల్లుపోకుండా చదవొచ్చు. నాన్న జుట్టు మాత్రం పొడిగా, చక్కగా పాపిడి తీసి ఉంది.

“ఇది నేను తీసింది కాదన్నా.”

“నీది కదిలింది. మొఖమే గుర్తువడ్తలేదు, ఉత్త నీళ్ళే. సంఘం ఆల్బమ్ తమ్మీ, సాఫ్‌గుండాలె గద! మంగళారం మల్ల తొట్టి నింపిచ్చి, స్టాండు పెట్టి తీసిన.”

“మరి నా నెగటివ్?”

“కత్తిరిచ్చి పడేసిన. ఉంటె నువ్వు గదే పట్టుకొని తిరుగుతవ్.”

ఇంటికి వచ్చి నాన్నను అడిగాను.

“మల్ల మునుగుమన్నడు మీ అన్న. బాప్తిస్మం ఒక్కపారే అని పాస్టరయ్యనే ఆపిండు. గందుకే నడుం దాంక దిగి నిలబడ్డ,” అని నవ్వాడు. “నీళ్ళు మస్తు సల్లగున్నయ్ బిడ్డా.”

“నీకు సెప్తె లొల్లి చేస్తవని సెప్పొద్దన్నడు మీ అన్న,” అంది అమ్మ, బియ్యం ఏరుతూ.

పెద్దకొడుకు ఏశావు బట్టలు తొడుక్కుని, చిన్నవాడు యాకోబు చూపు ఆనని తండ్రి దీవెన అందుకున్న బైబిలు కథ సండే స్కూల్లో ఎన్నోసార్లు విన్నాను. ఆ బట్టలు తొడిగింది తల్లేనన్న సంగతి ఆ రోజు గుర్తొచ్చింది.

కొన్నేళ్ళకు నాన్న ప్రభువు దగ్గరికి వెళ్ళాడు. జ్ఞాపకార్థ కూటంలో అదే ఫోటోను పెద్దది చేయించి వేదిక మీద పెట్టారు. అన్న సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

“అయ్య నీళ్ళలకెల్లి లేస్తుంటె నేను గాడనే ఉన్న. గా మొఖం జర సూడుండ్రి!”

ఆ నీళ్ళలోంచి లేచిన ముఖం నేను తీసిన ఫోటోలో చూసినవాడు ఆయనొక్కడే. ఉత్త నీళ్ళయినా సరే, నేనూ ఒకసారి చూడాలనుకున్నాను.

సంఘమంతా ఆమేన్ అంది. పక్కన అమ్మ అందరికంటే గట్టిగా అంది. నేను వేదిక మీది ఫోటోలో నాన్న పొడి జుట్టు వైపు చూశాను.