టపాలో వచ్చిన అమ్మవారు

మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సులో సిద్దిరాములు ఇరవై తొమ్మిదేళ్లు టికెట్లు కొట్టాడు. చిల్లర అడగని కండక్టరు ఎక్కడా ఉండడు. ఆయన మాత్రం చిల్లరతో పాటు ఇంకో మాట కూడా అడిగేవాడు: మీ ఇంట్లో వెనకట పల్టన్‌కు, అదే సైన్యానికి, పోయినవాళ్లున్నారా, వాళ్ల ఇనుప ముక్కో ఇత్తడి ముక్కో అటక మీద పడి ఉందా అని. మొదట్లో జనం నవ్వారు. కొన్నేళ్లకు సంచుల్లో పెట్టి బస్సుకే తెచ్చివ్వడం మొదలుపెట్టారు.

యుద్ధాల మీద పుస్తకాలు రాసేవాళ్లు సంధి కుదిరిన తేదీ దగ్గర కలం దించేస్తారు. వస్తువులు అక్కడ ఆగవు. తుపాకీ కొనకు తగిలించే బాకు ఒకటి కాటారం వైపు మేదరి ఇంట్లో వెదురు చీల్చింది. ఇనుప టోపీ కోళ్లకు నూకలు పోసే చిప్ప అయింది. ఫిరంగి గుండు ఇత్తడి తొడుగు ఓ బడిలో గంటై వేలాడి, ముగ్గురు హెడ్మాస్టర్లు రిటైరయ్యేదాకా మోగింది. రాజు ముఖమున్న వెండి పతకమైతే ఏ పసివాడి మొలతాడుకో చేరింది. సిద్దిరాములు వీటిని తోమడు, మెరుగు పెట్టడు. ఒక్కోదానికి దారంతో చీటీ కడతాడు. ఆ చీటీ మీద ఏ యుద్ధమో ఉండదు, ఎవరింట్లో ఏం పని చేసిందో ఉంటుంది. అదేమిటని అడిగినవాళ్లకు ఒకటే జవాబు: "యుద్ధంల నాలుగేండ్లు కొలువు చేసింది, మనూర్ల అరవై ఏండ్లు చేసింది. ఏది పెద్ద కొలువు మరి?"

ఆయన భార్య దేవవ్వకు ఈ జవాబు రుచించదు. మొగోళ్లు యుద్ధం చేసి రాజ్యాలు తెస్తారని, తన మొగుడు ఏ యుద్ధమూ చేయకుండానే తుప్పు తెచ్చాడని వాడకట్టంతా చెప్పుకుంటుంది. కానీ వానాకాలంలో ఇల్లు కురిస్తే బియ్యం బస్తాల కన్నా ముందు ఆ చీటీలనే లోపలికి జరిపేది కూడా ఆమే.

ఇన్ని దొరికినా ఒక్కటి దొరకలేదు. హైదరాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లిషు పుస్తకంలో ఆయన ఒక బొమ్మ చూశాడు. అరచేతి వెడల్పు కంచు బిళ్ల. కాలేజీ లెక్చరర్ లక్ష్మీరాజం దాని కథ చదివి చెప్పాడు. నూరేళ్ల కింద జరిగిన మొదటి పెద్ద యుద్ధంలో చనిపోయిన ప్రతి సిపాయి ఇంటికీ ఇంగ్లిషు సర్కారు అలాంటి బిళ్ల పంపిందట. హోదా లేదు, నంబరు లేదు. చనిపోయిన మనిషి పేరొక్కటే ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుందట. మన దిక్కునుంచి బొంబాయి మిల్లులకు పోయి, అక్కడినుంచి పల్టన్‌లో కలిసినవాళ్లు కొందరైనా ఉండాలి కదా, ఒక్క బిళ్లయినా ఈ నేల మీద పడి ఉండాలి కదా అన్నది సిద్దిరాములు లెక్క. కొలువున్నన్నాళ్లూ అడిగాడు. రిటైరయ్యాక ఊళ్లు పట్టుకుని తిరిగి అడిగాడు. ఎప్పుడో ఇత్తడి సామాన్లవాడు కరిగించి చెంబులు చేసి ఉంటాడని చివరికి మనసుకు సర్ది చెప్పుకున్నాడు.

ఈ ఏడు, చనిపోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే పెత్తరమాసకు వారం ముందు హనుమండ్లు అనే రైతు ఫోన్ చేశాడు. లక్సెట్టిపేట దగ్గర, గోదారి పక్క ఊరు. బోరు ఎండిపోయింది, కువైట్‌లో ఉన్న కొడుక్కు మూడు నెలలుగా పని లేదు. పరేషాన్‌లో ఉండి సోది అడిగిస్తే, మీ దేవునర్ర గూట్లో మీ ఇంటిది కాని అమ్మవారు కూర్చుంది, గోదాట్లో కలపమని సోది ఆమె చెప్పిందట. నీళ్లపాలు చేసేకంటే పాతవి కూడబెట్టే మనిషికిస్తే నయమని అతనికి తోచింది.

సిద్దిరాములు పొద్దుటి బస్సుకే పోయాడు. హనుమండ్లు తల్లి బాలవ్వ ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఆమె గూట్లోంచి తీసి చేతిలో పెట్టింది చూడగానే పుస్తకంలోని బొమ్మ ఇదేనని ఆయన పోల్చుకున్నాడు. పసుపు, కుంకుమ, నూనె పొరలు పొరలుగా గట్టిపడిన గుండ్రటి బిళ్ల. ఆ పొరల కింద నిలబడ్డ ఒక స్త్రీ, చేతిలో త్రిశూలం, కాళ్ల దగ్గర సింహం. ఇది దుర్గమ్మ కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ఇంగ్లండులో ఆ బొమ్మ చెక్కిన శిల్పి తన దేశాన్నే ఒక ఆడమనిషిగా చేసి నిలబెట్టాడు. అతనికి మన అమ్మవారి సంగతి తెలియదు, మొక్కినవాళ్లకు అతని దేశం సంగతి తెలియదు. సింహమూ త్రిశూలమూ మాత్రం ఇద్దరికీ ఒకటే అయ్యాయి.

ఇది ఇంటికెలా వచ్చిందో బాలవ్వ చెప్పింది. ఆమె మామకు తల్లి భూమవ్వ. భూమవ్వ మొగుడు బొంబాయి పోయి తిరిగి రాలేదు. అక్కడ ఇంకోదాన్ని ఉంచుకున్నాడని ఊరంతా అనుకుంది. ఆ రోజుల్లోనే టపాలో ఈ బిళ్ల వచ్చింది. ఎవరు పంపారో తెలియదు, వెంట వచ్చిన కాగితం చదివే దిక్కు లేదు. మొగుడు విడిచిపెడితే అమ్మవారే తనను వెతుక్కుంటూ వచ్చిందని భూమవ్వ గూట్లో పెట్టి మొక్కింది. అతను ఎక్కడో బతికే ఉన్నాడనుకుని నలభై ఐదేళ్లు బొట్టు, గాజులు తీయలేదు. పెళ్లిళ్లలో ఆమెను పసుపు కొట్టడానికి పిలవాలా వద్దా అని ఆడవాళ్లు చాటున గుసగుసలాడేవారట. అతను చచ్చినట్టు కబురు లేదు గనుక పెత్తరమాస నాడు ఆ ఇంట్లో పెద్దలందరి పేర్లూ చెప్పి బియ్యమిచ్చేవారు గానీ అతని పేరు ఏనాడూ ఎత్తలేదు.

సిద్దిరాములు తాగడానికిచ్చిన నీళ్లలో బొటనవేలు ముంచి, బొమ్మ పక్కనున్న చిన్న చదరపు గడిలో రుద్దాడు. పసుపు కరిగి ఒక్కో ఇంగ్లిషు అక్షరం తేలింది. పేరు కూడబలుక్కునేంత ఇంగ్లిషు ఆయనకు వచ్చు. టికెట్ల మీద నంబర్లు చదివినట్టు పెదాలు కదలకుండా చదువుకున్నాడు.

"భూమవ్వ పెనిమిటి పేరేంది అవ్వా?"

బాలవ్వ కొడుకు వైపు చూసింది. ఆ ఇంటి కోడలు ఆ పేరు పలకదు. "అంతయ్య," అన్నాడు హనుమండ్లు.

బిళ్ల మీదున్నదీ అదే పేరు. హనుమండ్లు చుట్టి ఇవ్వడానికి పాత పేపరు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఒక్క చాయ తాగినంతసేపు నోరు మూసుకుంటే చాలు, ముప్పై ఏళ్ల వెతుకులాట సంచిలో పడుతుంది. నీళ్లపాలు కావలసినదాన్ని కాపాడాననీ చెప్పుకోవచ్చు. నిజం చెబితే చేతికి రాదు. చావు వస్తువు దేవునర్రలో ఉందని భయపడి వీళ్లు సాయంత్రానికే గోదాట్లో విసిరేసినా విసిరేస్తారు. సిద్దిరాములు చాయ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"అవ్వా, గిది దేవత గాదు. మీ అంతయ్యే. పెండ్లాన్ని ఇడిసిపెట్టి పోలే ఆయన. లడాయిల సచ్చిపోయిండు. గా సంగతి చెప్పనీకే సర్కారు గిది పంపింది."

ఆ రోజుల్లో బొంబాయి నుంచి ఓడలు ఎక్కువగా ఇరాక్ వైపే పోయేవని, అక్కడే పోయి ఉంటాడని, అది మాత్రం తన అందాజేనని ఆయన మెల్లగా విప్పి చెప్పాడు. అయితే సోది ఆమె చెప్పింది నిజమే, దీన్ని ఇంట్లో ఉంచొద్దు, ఇప్పుడే గోదారికి పోదామని హనుమండ్లు లేచాడు.

"కూసో," అంది బాలవ్వ. "దిక్కులేని సావు సచ్చి వందేండ్లకు ఇల్లు చేరిండు. మల్లొకసారి ముంచుతవా?"

హనుమండ్లు కూర్చున్నాడు. సిద్దిరాముల్ని తొలుస్తున్నది ఇంకొకటి. భూమవ్వ అన్నేళ్లు పెట్టుకున్న బొట్టు ఇప్పుడేమైనట్టు? తన మాటతో ఎప్పుడో పోయిన ఆ ముసలమ్మ నుదురు తుడిచినట్టయిందా? బిళ్ల మీది కుంకుమను వేలితో తడిమాడు. బాలవ్వకే అర్థమైంది కాబోలు.

"ఫికర్ జెయ్యకు కొడుకా. తెల్వక బొట్టు వెట్టుకున్నది, మంచిగనే చేసింది. నలభై ఐదేండ్లు ఆయన్ని సావనియ్యలే."

బిళ్లను ఆమె దేవుళ్ల వరుసలోంచి తీసి, పక్క గోడకు పెద్దల పటాలుండే చోట పెట్టింది. సిద్దిరాములు ఖాళీ సంచితో మంథని చేరాడు. ముప్పై ఏళ్లు తుప్పని తిట్టిన దేవవ్వ ఆ రోజు మాత్రం నిజంగా కోప్పడింది. "గన్నేండ్లు దేవులాడి, చేతికొచ్చింది ఇడిసిపెట్టి వస్తవా?" అని నిలదీసింది. ఒక్కసారి పట్టుకుని చూశానని ఆయన అన్నాడు. ఎంత బరువుందని అడిగింది. చెప్పాడు. రాత్రి అన్నాల దగ్గర, అక్షరాలు పొట్టిగా ఉన్నాయా పొడుగ్గా ఉన్నాయా అని మళ్లీ అడిగింది.

పెత్తరమాస నాడు హనుమండ్లు పిలిస్తే ఆయన పోయి అరుగు మీద కూర్చున్నాడు. లోపల చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి అయ్యగారు పేర్లు అడుగుతున్నాడు. హనుమండ్లు తండ్రి పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు, ఆగాడు. అయ్యగారు ఏటేటా అక్కడితో ముగించేవాడు గనుక మంత్రం అందుకోబోయాడు.

"ఇంకొక పేరుంది అయ్యగారూ. అంతయ్య."

వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు అయ్యగారు. హనుమండ్లు గొంతు సవరించుకుని, ఈసారి పక్కింటి గోడ అవతలికి కూడా వినబడేలా చెప్పాడు.