ఒకే క్రేను, పన్నెండు కంపెనీలు

ఉద్యోగం మారడమంటే ఏమిటో దొరబాబు ఎరగడు. పెదగంట్యాడ అవతల ఒక రోలింగ్ మిల్లులో మీసాలొచ్చిన కొత్తలో క్రేను ఎక్కాడు. కేబిన్ అద్దాలు మార్చారు, సీటు మార్చారు, అతను మాత్రం మారలేదు. మారినవాళ్లు కాంట్రాక్టర్లు. మిల్లువాళ్లు మనుషుల సరఫరాకు టెండరు పిలుస్తారు, ఎవడో కొత్తవాడు దక్కించుకుంటాడు, పాత గేటు పాసు లాక్కుని తన పేరుతో కొత్తది ఇస్తాడు. మనిషి అదే, క్రేను అదే, హెల్మెట్ మీద స్టిక్కరు వేరు. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడెవడో గాని మహా తెలివైనవాడు. తల నెరిసేదాకా చాకిరీ చేసినా ఎవడూ పాతకాపు కాడు.

ఈ మార్పిళ్లలో నలిగిపోయేది అతని భార్య కాంతం. ఆమెకు గుండెలో వాల్వు పాడైంది. మందులు దొరబాబు ఈఎస్ఐ కార్డు చూపిస్తే కార్మికుల డిస్పెన్సరీలో ఊరికే ఇస్తారు. కొత్త కాంట్రాక్టరు పేర్లు ఎక్కించేదాకా ఆ కార్డు పనిచేయదు. అన్నాళ్లూ కాంతం మాత్రను బ్లేడుతో సగానికి కోసి వేసుకునేది. కిందటి టెండరప్పుడు కాళ్లు వాచి, ఆయాసంతో మంచమెక్కింది. ఇంకోసారి మందు తగ్గిస్తే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఈసారి గెలిచిన కాంట్రాక్టరు తన మనుషుల్నే తెచ్చుకున్నాడు. దొరబాబు ఇంట్లో కూర్చున్నాడు. అలాంటప్పుడు అచ్యుతాపురంలో ఓ చిన్న ఫ్యాబ్రికేషన్ కంపెనీ క్రేను ఆపరేటరు కావాలి, పర్మినెంటు అని ప్రకటిస్తే, అతనికి ప్రాణం లేచొచ్చింది. కూతురు ఆశాజ్యోతి ఫోన్‌లో అప్లికేషన్ నింపింది. పన్నెండుమంది కాంట్రాక్టర్ల పేర్లూ, వాళ్లిచ్చిన సర్టిఫికెట్లూ వరసగా పెట్టించాడు. అన్నిటికీ కలిపి మిల్లు పేరొక్కటే రాస్తే చాలదా నాన్నా అని ఆ పిల్ల అడిగితే, జీతమిచ్చినవాడి పేరు దాస్తే తప్పన్నాడు. పైగా అన్ని సర్టిఫికెట్లు చూస్తే ఎంత సర్వీసో వాళ్లకే తెలుస్తుందని ధీమా.

చూడటానికి అక్కడ మనిషుంటే కదా! ఆ కంపెనీ యజమాని శ్రీరామ్మూర్తి దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇద్దరు పక్క ఫ్యాక్టరీకి చెక్కేశారు. ఆ కోపంతో ఆయన, రుషికొండలో ఎవరో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఒకటి అప్లికేషన్లు వడబోయడానికి కొన్నాడు. నిలకడ లేనివాళ్లు తన కంటబడకూడదన్నాడు. ఆ కంపెనీ మధురవాడ ఆఫీసులో ఉద్యోగాల వ్యవహారం చూసే కేథరిన్ ఆ షరతు అందులో పెట్టింది. సాఫ్ట్‌వేర్ దొరబాబు కంపెనీలు లెక్కపెట్టి, పన్నెండు చోట్ల గెంతిన మనిషని పక్కన పడేసింది.

ఎంతకీ జవాబు రాకపోతే అతనే బస్సెక్కి మధురవాడ వెళ్లాడు. కేథరిన్ మర్యాదగా కూర్చోబెట్టి, కంప్యూటర్ అతని వైపు తిప్పి, ఉన్న సంగతి చెప్పింది.

"నాను ఎక్కడికీ ఎల్లనేదమ్మా," అన్నాడు దొరబాబు. "ఆ కుర్సీలోనే కూకున్నాను. ఆళ్లే మారిపోనారు."

ఆ అమ్మాయికి అర్థమైంది. అతని ఎదురుగానే యజమానికి ఫోన్ చేసి, పేర్లు పన్నెండైనా పని ఒక్కటేనని చెప్పింది. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు అందరూ ఇవే కబుర్లు చెబుతారు, అలాంటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ కొన్నదెందుకని ఆయన ఫోన్ పెట్టేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడే పూజారి వెనక దాక్కున్నాడు.

సాఫ్ట్‌వేర్ మెచ్చిన నిలకడైన కుర్రవాడు చేరిన కొద్దిరోజులకే ఎత్తు చూసి భయపడి క్రేను దిగిపోయాడు. సరుకు పంపే గడువు ముంచుకొచ్చింది. శ్రీరామ్మూర్తి, కూలీలను సరఫరా చేసే వరహాలుకు ఫోన్ కొట్టాడు. వరహాలు దొరబాబుకు కొట్టాడు.

"బావా, రేపొద్దున్నకి అచ్యుతాపురంలో క్రేను మీద మనిషి కావాల. ఆధార్ జిరాక్సొకటి అట్టుకొచ్చీ. ఇంకేటీ అడగరు."

కంపెనీ పేరు వినగానే దొరబాబుకు కడుపు మండింది. అయినా వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు?

అంతంత బరువు ఊగకుండా దించుతుంటే శ్రీరామ్మూర్తి కింద నిలబడి, పనివాడంటే వీడేనన్నాడు. ఏదో పనిమీద అక్కడికొచ్చిన కేథరిన్, మీరు వద్దన్న మనిషి ఈయనేనండి అంది. ఆయన మాత్రం, వరహాలు పంపిన మనిషితో పని నడిచిపోతోంది కదా, ఇంక పర్మినెంటు పోస్టు ఎందుకు, ఆ ప్రకటన తీసేయమన్నాడు.

సాయంత్రం గడపలోనే కాంతం అడిగింది, "కార్డు ఇత్తారా?"

"వరహాలు మా పేర్లు ఎక్కించాలంట. మూడు నెలలు ఆగమన్నాడు."

ఇంకోచోటికి పంపే అప్లికేషన్‌లో వరహాలు పేరు కూడా చేర్చనా నాన్నా అని ఆశాజ్యోతి అడిగింది. ఆ పిల్ల వెటకారానికి అడగలేదు, తండ్రి మాట గుర్తుంచుకునే అడిగింది. కాంతం ఇద్దరి మొహాలూ చూసి, అలమరలోంచి మాత్రల అట్ట, బ్లేడు తీసుకుని దీపం దగ్గర కూర్చుంది.