గోళ్ళరంగు చుక్క

కడుపుతో ఉన్న మా చిన్న తోడికోడలికి నరసాపురంలో చేసిన పరీక్షల్లో హెపటైటిస్ బి ఉందని తేలింది. ఆ సాయంత్రమే, పెద్ద తెలివైనదానిలా, ఆమె స్టీలు గ్లాసు మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టి విడిగా బోర్లించాను. ఆమె చూసింది.

వారం తర్వాత డాక్టరుగారు నాకే చెప్పారు: "కలిసి తింటే, తాగితే రాదండి. రక్తం వల్ల, శారీరక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకీ వస్తుంది. బిడ్డకి పుట్టగానే టీకా వేస్తాం. మీరందరూ కూడా పరీక్ష చేయించుకోండి."

నాకూ ఉందని తేలింది. ఎప్పటినుంచో ఎవరికి తెలుసు!

ఇంటికొచ్చి కూలబడితే ఆమె కాఫీ తెచ్చింది. "తాగండక్కా, చల్లారిపోద్ది." నాకిచ్చింది అందరూ తాగే గ్లాసే. చుక్క గ్లాసు తన చేతిలో ఉంది.