దొరసానమ్మ నేర్పిన మాటలు

మా చిన్నప్పుడు... కోనసీమలో కాలవలు కొత్తగా తవ్వుతున్న రోజులు. మా నాన్న పడవ సరంగు. కాలవ పని చూసే దొరగారినీ, దొరసానమ్మనీ అమలాపురం, రాజోలు వైపు తిప్పేది మా పడవే. తల్లి లేని పిల్లనని నాన్న నన్నూ వెంటబెట్టుకునేవాడు.

దొరసానమ్మకి వచ్చీరాని తెలుగు. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను పడవలో పొయ్యి దగ్గరుంటే వచ్చి పక్కనే చతికిలబడేవారు. అట్లకాడ చూపించి "ఇది ఏమి?" అనేవారు. నేను తెలుగులో చెబితే ఆవిడ ఇంగ్లీషులో చెప్పేవారు. నిప్పు ఫైరు, నీళ్ళు వాటరు, నాన్న ఫాదరు... పడవ ఆపమన్నప్పుడల్లా దొరగారు అనే 'స్టాప్' సరేసరి.

"ఆడపిల్లకి దొరల మాటలెందుకురా" అని ఇంటికెళ్ళినప్పుడల్లా మామ్మ సణిగేది.

"నేర్చుకోనీవే అమ్మా, మాటలేవన్నా బరువా" అనేవాడు నాన్న.

ఒకరోజు రాజోలు దగ్గర కొత్తగా కట్టిన లాకుల్లోకి మా పడవ పెట్టారు. తలుపులు తీసి నీళ్ళు వదిలితే పడవ పైకి లేస్తుందని, చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఇంతలో తాడు పడవకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. విప్పడానికి నాన్న నీళ్ళలోకి దిగాడు. గట్టు మీదున్న దొరగారు అది చూడలేదు... చెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి దించితే కూలీలు నీళ్ళు వదిలేస్తారు.

"మా నాన్న కిందున్నాడండీ, ఆపండీ" అని అరిచాను. ఆ జనం గోలలో ఒక్కరూ ఇటు తిరగలేదు.

అప్పుడు నా నోట్లోంచి ఎలా వచ్చాయో... "స్టాప్... ఫాదర్... వాటర్..."

దొరగారు గిరుక్కున తిరిగారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నాన్నని పైకి లాగాక దొరసానమ్మ నన్ను దగ్గరకు తీసుకుని, "బై ద స్కిన్ ఆఫ్ హిజ్ టీత్" అన్నారు. మీ నాన్న పళ్ళ మీది తోలంత తేడాలో చావు తప్పించుకున్నాడని అర్థమట.

నాన్న పళ్ళు తడుముకున్నాడు. "పళ్ళకి తోలుంటాదాండీ, అమ్మగారూ?"

"లేదు. అందుకే అంత తక్కువ."

"ఆయ్... మేవైతే వెంట్రుకవాసిలో తప్పిందంటావండీ."

ఆవిడ ఆ మాట నోరు తిరిగేదాకా అనుకుంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక మామ్మ సంగతంతా వింది. మర్నాడు నాకు తలంటి, జడ వేసి, తనే దొరసానమ్మ దగ్గరికి పంపింది. "ఇంకా ఏం మాటలున్నాయో అన్నీ చెప్పించుకో" అంది.

పని అయ్యాక వాళ్ళు వెళ్ళిపోయారు. నాన్న మాత్రం నా పెళ్ళి చేసి, నా పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాడయ్యాకే కన్నుమూశాడు. ఆ ఏళ్ళన్నీ ఆవిడ పెట్టిన భిక్షే అనుకుంటాను...

ఇప్పుడు అమలాపురం బళ్ళో పిల్లలు వరసగా కూచుని ఇంగ్లీషు వల్లిస్తున్నారు. సంతోషమే. కానీ పక్కన చతికిలబడి, మన మాట కూడా అడిగి నేర్చుకునేవాళ్ళు కనబడరు...

మీకు మొదటి పరాయి మాట నేర్పిందెవరండీ? ఒక్కసారి వాళ్ళని తలుచుకోండి... నాకూ చెప్పండి.