పిడికెడు నల్ల ఉన్ని

మర్రిగూడ దగ్గరి ఆ కురుమ ఇంట్లో బక్కమ్మ మాటంటే మాటే. కొడుకు మల్లేశ్ ఎదురు చెప్పడు, చెప్పినా ఆమె చెవిన వేసుకోదు. మనవరాలు మంజులతకు పెళ్లి కుదిరిననాడే తేల్చి చెప్పింది. "కురుమల్ల మనం ఉన్ని కంకణమోళ్లం, పత్తి కంకణమోళ్లం గాదు. పిల్ల చేతికి నల్ల ఉన్నితోనే కంకణం కట్టాలె."

తేల్చడం సులువే, ఉన్ని ఏదీ? సర్కారు పంచిన గొర్రెలు వచ్చాక మందంతా తెల్లబడింది. వాటి ఒంటిమీద వెంట్రుకే తప్ప ఉన్ని లేదు. పెనిమిటి గోపయ్య కడదాకా సాకిన నల్లగొర్రె ఉన్ని మాత్రం పిడికెడు మిగిలింది. ఆయన పోయాక దాన్ని బక్కమ్మ కళ్లలో పెట్టుకుని కాపాడింది. ఎలుకలు కొరకకుండా వల సంచిలో పెట్టి వసారా దూలానికి వేలాడదీసింది.

అక్కడే పప్పులో కాలేసింది. వడుకుదామని సంచి దించితే అడుగున నాలుగు పోగులే ఉన్నాయి!

దొంగ ఎదురుగానే ఉంది. బట్టల తీగకు బొటనవేలంత తేనెపిట్ట గూడు కట్టుకుంది, ఆ గూడు నిండా గోపయ్య గొర్రె ఉన్నే. మగపిట్ట దానిమ్మ కొమ్మ మీద నీలంగా, ఊదాగా మెరుస్తూ గొంతెత్తి పాడుతోంది.

"నా కొంప ముంచి పాటలు పాడుతున్నవా?" అంటూ బక్కమ్మ కర్ర ఎత్తింది. గూట్లో పిల్లలు సన్నగా కీచుమన్నాయి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నార్కట్‌పల్లిల నల్ల దారం దొరుకుతదమ్మా, తెస్త," అన్నాడు మల్లేశ్.

"దుకాణం దారం కడితె మీ నాయిన ఆత్మ ఊకుంటదారా?"

"అయితె గూడు తెంపాలె మరి."

మంజులత అడ్డం వచ్చింది. "అవ్వా, నా పెండ్లికి ఇంకొకల ఇల్లు కూలగొడ్తమా?"

బక్కమ్మ కర్ర కింద పెట్టింది. మనసు మాత్రం కుదుటపడలేదు. పెళ్లిలోగా పిల్లలు ఎగరకపోతే తన చేత్తోనే దుకాణం దారం కట్టాలి. అది తలచుకుంటేనే ఏడుపొచ్చేది.

ఇక రోజూ పొద్దున్నే పసుపు పొట్ట తల్లిపిట్టతో పంచాయితీ. "జర జల్ది పెంచు తల్లీ, మా ఇంటికి చుట్టాలొస్తున్నరు." పిల్లిని వసారా ఛాయలకు రానివ్వలేదు. తీగ మీద బట్టలు ఆరేయనివ్వలేదు. పందిరి వేసేవాళ్లను వాకిట్లోనే ఆపేసింది. వాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

పెళ్లికి ముందురోజు పొద్దున గూట్లో చప్పుడు లేదు. బక్కమ్మ గబగబా గూడు దగ్గరికి వచ్చింది. తీరా చూస్తే పిల్లలు రెండూ దానిమ్మ కొమ్మ మీద కొత్త రెక్కలు సర్దుకుంటున్నాయి. ఆమె కళ్లు తుడుచుకుని గూడు దించింది. ఆకులూ బూజూ ఏరి, ఉన్ని ఏకి, కదురు చేతపట్టింది. గోపయ్య పోయాక అది తిరగడం అదే మొదలు.

"నాకు గుడ నేర్పవే," అంటూ మంజులత పక్కన కూర్చుంది.

"పెండ్లికూతురువు, గిదంతా నీకెందుకే?" అంటూనే కదురు ఆమె చేతికిచ్చింది.

మర్నాడు కంకణం కట్టేవేళ, దారంలో చిక్కుకున్న చిన్న పసుపు ఈకను కులపెద్ద అయిలేశం చూశాడు. "గిదేందక్కా?" అని పీకబోయాడు.

బక్కమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి తమ్మీ. మా ఇంటి పిట్ట సదివిచ్చిన కట్నమది."